యాడికి పోదామని అడిగినందుకు

ఏడు నెలలుగా నేను అడుగుతున్న ఒక్క మాటకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. యాప్‌లో పదకొండుసార్లు రాశాను. నాలుగుసార్లు ఫోన్ చేశాను. కర్నూలు నుంచి కడప దాకా బస్సులో పోయి మనిషి ఎదుట కూర్చుని అడిగాను. రాసిన పదకొండుసార్లూ ఒకే వాక్యం తిరిగొచ్చింది: "మీ ఓర్పుకు ధన్యవాదాలు." నాకు ఓర్పు ఉందని వాళ్ళకు ఎవరు చెప్పారో తెలియదు. మా ఇంట్లో ఎవరినడిగినా లేదనే చెబుతారు.

మరిచిపోయే గుణం కూడా నాకు లేదు. ఆరో తరగతిలో నేను చేయని అల్లరికి అయ్యవారు నన్ను ఎండలో నిలబెట్టారు. ఆయన రిటైరైన రోజున సభలో ఆయన మెడలో దండ వేస్తూ ఆ సంగతి చెవిలో గుర్తుచేశాను. ఆయన బిత్తరపోయి, "ఇంకా అది మనసులో పెట్టుకున్నావా నాయనా" అన్నారు. పెట్టుకున్నానని చెప్పి కిందికి దిగాను. నా భార్య ఇప్పటికీ ఈ సంగతి చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తుంది. నవ్వనీ. ఆ ఎండ ఆమె తల మీద పడలేదు.

ఇప్పుడు చెప్పబోయేది ఇంకా పెద్దది. కర్నూలులో పద్దెనిమిదేళ్ళుగా ఆటో తోలుతున్నాను. అందులో చివరి నాలుగేళ్ళు యాప్‌తో తోలాను. ఆ యాప్‌లో నా పేరు పక్కన ఇప్పుడు ఒక మచ్చ ఉంది. మహిళా ప్రయాణికులను దారి మళ్ళించి దూరప్రాంతానికి తీసుకుపోవాలని చూశానట. యాప్ లేకపోయినా నా ఆటో తిరుగుతుంది, పాత బస్టాండు స్టాండులో నిలబడితే బాడుగలు దొరుకుతాయి. నా బాధ అది కాదు. ఆ యాప్‌లో ప్రయాణికులు తమకు నచ్చిన డ్రైవరు పేరు దాచుకోవచ్చు. పెద్దాసుపత్రి నర్సమ్మలు, హాస్టలు పిల్లలు, ట్యూషన్లకు ఆడపిల్లల్ని పంపే తల్లులు నా పేరు దాచుకున్నారు. నా ఐడీకి తాళం పడిన రోజున వాళ్ళందరి ఫోన్లకూ ఒక కబురు పోయింది: "మీ అభిమాన డ్రైవరు భద్రతా కారణాల వల్ల నిలిపివేయబడ్డారు." భద్రతా కారణాలంటే ఏమిటో అందులో రాయలేదు. రాయకపోతే జనం ఏమనుకుంటారో అందరికీ తెలుసు.

ఆ మచ్చ ఎలా పడిందో మొదటినుంచీ చెబుతాను.

యాప్‌లో చేరినప్పుడు నన్ను "భాగస్వామి" అన్నారు. నాకు బాగానే అనిపించింది. అంతవరకు నన్ను ఆటోవాడా అని, ఒరేయ్ ఆటో అని పిలిచినవాళ్ళే గాని భాగస్వామి అన్నవాళ్ళు లేరు. భాగస్వామి అంటే ఏమిటో తర్వాత తెలిసింది. బండి నాది, ఫోన్ నాది, గ్యాస్ నాది. చూసే కన్ను మాత్రం వాళ్ళది. గతుకులో చక్రం పడితే ఫోన్ ఊగుతుంది, ఊగితే "మీరు దురుసుగా నడిపారు" అని వస్తుంది. మేకకు అడ్డంగా బ్రేకు వేస్తే "అకస్మాత్తుగా ఆపారు" అని వస్తుంది. హంద్రీ వంతెన పక్కన ఒంటికి పోవడానికి ఆగితే, "మీరు కదలడం లేదు, అంతా బాగానే ఉందా?" అని అడుగుతుంది. దానికి రెండే జవాబులు నొక్కవచ్చు. "బాగానే ఉంది", "సహాయం కావాలి". నేను ఉన్న పరిస్థితికి రెండూ సరిపోవు.

మా స్టాండులో ఆ ఫోన్‌ను అల్లుడు అంటాం. ముందర సీటు దానిదే. ఎండ తగలకూడదు, వాన తగలకూడదు, కడుపు ఖాళీ కాకూడదు. ఏ మాటకు అలుగుతుందో తెలియదు. "అల్లునికి చార్జింగ్ పెట్టినావా అన్నా?" అని ఒకరినొకరం అడుక్కుంటాం.

ఒకసారి అలిగింది కూడా. మా నాయన చనిపోయి కర్మలు ముగిసిన తర్వాత గుండుతో, మీసం లేకుండా ఆటో ఎక్కాను. రోజూ పని మొదలుపెట్టేముందు ముఖం చూపించాలి. చూపించాను. "మీ ముఖం సరిపోలలేదు" అంది. మళ్ళీ చూపించాను. "ఈ ఖాతాను వేరొకరు వాడుతున్నట్టు అనుమానం" అంది. తండ్రి పోయాడని, మా ఇండ్లలో ఇది ఆచారమని రాసి పంపాను. "మంచి వెలుతురులో మళ్ళీ ప్రయత్నించండి" అని జవాబు వచ్చింది. మీసం కాస్త కనబడేదాకా నేను నేను కాదు. అది కూడా నాకు గుర్తుంది. అప్పుడు కూడా ఎవరూ క్షమించమని అడగలేదు.

తర్వాత ఒకరోజు టీ బంకు దగ్గర గ్లాసు చేతిలో పెట్టుకుని ఉండగా ఫోన్‌లో పొడుగాటి కాగితం ఒకటి తెరుచుకుంది. కింద "అంగీకరిస్తున్నాను" అని ఒక మీట. అది నొక్కకపోతే బాడుగలు కనిపించవు. నొక్కాను. ఏమి రాసి ఉందని పక్కనున్న పెద్దాయన్ని అడిగాను. ఆయన మా స్టాండులో అందరికన్నా సీనియరు, పాతబస్తీ మనిషి, నేను ఆయన్ని భాయ్ అంటాను, ఆయనా నన్ను భాయ్ అనే పిలుస్తాడు.

"ఇకమీద మనం మాట్లాడేదంతా వింటాడంట భాయ్. ప్రయాణికుల భద్రత కోసమంట."

"ఎవరు వినేది?"

"అల్లుడు."

"విని ఎవరికి చెప్తాడు?"

"అది రాయలేదు" అని భాయ్ టీ గ్లాసు కింద పెట్టాడు.

అప్పటినుంచి బాడుగ మొదలవగానే ఫోన్ మూలలో ఎర్రటి చుక్క ఒకటి వెలిగేది. మొదట్లో దాన్ని చూసి నోరు కట్టేసుకున్నాం. ఎక్కినవాళ్ళు రాజకీయాలు ఎత్తితే నేను దగ్గేవాణ్ణి. రెండు వారాలకు అలవాటైపోయి మామూలుగా మాట్లాడసాగాం. తప్పంతా అక్కడే జరిగింది. మామూలుగా మాట్లాడటం.

ఒక పొద్దున, తొమ్మిది కావస్తుండగా, పాతబస్తీ నుంచి పెద్దాసుపత్రికి బాడుగ వచ్చింది. ఇద్దరు ఆడవాళ్ళు ఎక్కారు. ఒకామె ముసలమ్మ, ఒక కంటికి కట్టు. ఇంకొకామె ఆమె కూతురు. మాటల్లో తెలిసింది, ముసలమ్మది ఎమ్మిగనూరు. మగ్గం మీద చీరలు నేసిన ఇల్లు. కంటి ఆపరేషను కోసం కూతురింటికి వచ్చి, ఆ పొద్దున కట్టు విప్పించుకోవడానికి పోతోంది. ఫోన్‌లో దారి చెప్పే గొంతు మొదలైంది. రెండు వందల మీటర్ల తర్వాత కుడివైపు తిరగండి అంది.

"ఎవురప్పా ఆయమ్మ? కుడికి తిరుగు, ఎడంకి తిరుగు అంటాండాది. నీ పెండ్లామా?" అంది ముసలమ్మ.

"నా పెండ్లామైతే ఇంత మర్యాదగా చెప్తాదా అవ్వా?"

కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ముసలమ్మ నవ్వలేదు. కంటి పక్క చెయ్యి పెట్టుకుంది. "తలకాయ పగిలిపోతాండాది. దాన్ని ఆపప్పా."

"ఆపేస్తాలే అవ్వా" అని ఆ గొంతు ఆపేశాను.

పెద్దాసుపత్రికి రెండు గేట్లు. యాప్ ఎప్పుడూ ముందు గేటే చూపిస్తుంది. కంటి వార్డుకు వెనక గేటు దగ్గర. ఆమె అంత దూరం నడవగలదో లేదోనని అడిగాను, "యాడికి పోదామవ్వా? ముందర గేటుకా, ఎనక గేటుకా?" నేను గేట్ల మాట ఎత్తేసరికి పక్కనే ఒక బస్సు హారన్ కొట్టింది. "నడిసేది తక్కువుండే కాడికి పో నాయనా" అంది ఆమె. వెనక గేటుకు తిప్పాను. వార్డు మెట్ల దగ్గరే ఆపి, అవ్వను చెయ్యి పట్టి దింపాను. కూతురు యాప్‌లో అయిదు చుక్కలు ఇచ్చింది, అది నేను చూశాను. "సల్లంగా ఉండు నాయనా" అని అవ్వ దిగింది. ఇంతే జరిగింది. ఇంతకన్నా ఒక్క మాట తక్కువ లేదు, ఎక్కువ లేదు.

మధ్యాహ్నం ఐడీకి తాళం పడింది. బాడుగలు కనబడే చోట బూడిద రంగు తెర వచ్చింది. తెర మీద: "యాప్ వెలుపల ప్రయాణానికి ప్రయత్నం. మహిళా ప్రయాణికుల భద్రత. ప్రతిపాదిత గమ్యం: యాడికి." దాని కింద, "మీ వివరణ ఇవ్వండి" అని ఖాళీ పెట్టె.

నేను చేసిన పొరపాటు ఒకటి ఇక్కడ ఒప్పుకోవాలి. ఆ తెర చదివి నాకు కోపం రాకముందు ఒక క్షణం సంతోషం కలిగింది. ఇన్నేళ్ళకు ఈ యంత్రం మన మాట నేర్చుకుంది, గమ్యం యాడికి అని మన యాసలో అడుగుతోంది అనుకున్నాను. అడిగింది కదా అని జవాబు రాశాను: "ఆసుపత్రికే. వేరే యాడికీ లేదు." రాసి పంపేశాను. నా నాశనానికి నేనే సంతకం పెట్టినట్టు అయిందది.

స్టాండుకు పోయి భాయ్‌కి ఫోన్ చూపించాను. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని చదివాడు.

"యాడికికి ఎందుకు పోయినావు భాయ్?"

"నేను యాడికీ పోలా."

"అదే అడుగుతాండా. యాడికికి పోవల్లంటే నూరు కిలోమీటర్లు దాటి పోవల్ల. ఆటోలో ఎట్ల పోతావు?"

"యాడికి పోయేది భాయ్? నేను పెద్దాసుపత్రికి పోయినా!"

భాయ్ నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. పక్క ఆటోలో పడుకున్నవాడు లేచి కూర్చుని, "యాడికి అంటే ఊరన్నా. తాడిపత్రి తట్టుండే యాడికి. నువ్వు ఆ ఊరికి పోతానన్యావంటాండాడు అల్లుడు" అన్నాడు.

అనంతపురం జిల్లాలో యాడికి అనే ఊరుందని నాకు తెలియక కాదు. కాని పుట్టినప్పటినుంచి రోజుకు ఇరవైసార్లు అనే మాట నోట్లోంచి వచ్చేటప్పుడు అది ఊరు అని ఎవరికి తడుతుంది? ఎక్కడికి అనడానికి మేము యాడికి అంటాం. మా అమ్మ అనింది, మా నాయన అన్నాడు, నేను అన్నాను. ఆపేస్తా అన్నాను. యాడికి పోదాం అన్నాను. గేట్ల మాట బస్సు హారన్‌లో కలిసిపోయింది. తర్వాత చూపించిన దారి వదిలి వేరే దారికి తిరిగాను. యంత్రం ఈ మూడూ కలుపుకుంది: యాప్ ఆపేస్తాను, యాడికి పోదాం రండి అని ఇద్దరు ఆడవాళ్ళను పిలిచి బండి తిప్పాడు.

స్టాండు మొత్తం పొట్టలు పట్టుకుని నవ్వింది. "అన్నా, యాడికి పోతాండావు?" అని ఒకడు, "వద్దురా, ఆ మాట అడగద్దు, కేసైతాది" అని ఇంకొకడు. ఒక వారం నన్ను ఆ మాటతోనే పిలిచారు. ఎవరెవరు పిలిచారో నాకు గుర్తుంది.

ఆ నవ్వులో నేను కలిసింది మాత్రం ఆ సాయంత్రం దాకే. పెద్దాసుపత్రి నర్సమ్మ ఒకామెను నాలుగేళ్ళుగా డ్యూటీకి దింపుతున్నాను. ఆమె మరుసటి రోజు నన్ను దారిలో చూసి ఆగింది. ఫోన్ తీసి, తనకు వచ్చిన కబురు చూపించింది. "ఏం జరిగింది అన్నా?" అంది. అడగడం ఆమె మంచితనం. కాని అడుగుతున్నప్పుడు ఆమె ఒక అడుగు వెనక్కి నిలబడింది. నాలుగేళ్ళలో ఆమె ఎప్పుడూ అలా నిలబడలేదు. నేను చెప్పినదంతా విని, "అట్లనా" అంది. ఆ తర్వాత ఆమె నా ఆటో ఎక్కలేదు.

ఇంటికి పోయి సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. మనిషి రాలేదు, గొంతు వచ్చింది. స్పీకరు పెట్టాను. నా భార్య పక్కన కూర్చుంది.

"మీ సమస్యను క్లుప్తంగా చెప్పండి."

"నేను యాడికీ పోలేదు."

"మీరు యాడికి ప్రయాణం గురించి మాట్లాడుతున్నారు. అవును అంటే ఒకటి నొక్కండి."

"కాదు. యాడికి అంటే ఊరు కాదు."

"ధన్యవాదాలు. ఊరు: యాడికి. ప్రయాణ తేదీ చెప్పండి."

"ఎక్కడికి అను! ఎక్కడికి అను!" అని నా భార్య మోకాలు మీద కొట్టింది.

"ఎందుకనల్ల? నేనన్యింది యాడికే."

"నీ మొండితనం తగలెయ్య. దానికి అర్థమయ్యేట్ల చెప్పు."

"నా మాట నేను మార్చుకుంటే తప్పు నాదైతాది."

ఆ గొంతు మా ఇద్దరి మాటలూ వింది. "మీ ఫిర్యాదులో యాడికి మూడుసార్లు నమోదైంది" అని చెప్పి, ఓర్పుకు ధన్యవాదాలు చెప్పి పెట్టేసింది. నా భార్య లేచి వంటింట్లోకి పోయింది.

కర్నూలులో వాళ్ళ ఆఫీసు లేదు. కడపలో ఉందని భాయ్ కనుక్కుని చెప్పాడు. నంద్యాల మీదుగా, మైదుకూరు మీదుగా అయిదు గంటలు బస్సులో కూర్చుని పోయాను. ఆఫీసంటే ఒక దుకాణం పైన ఒకే గది. కింద వాచ్‌మన్ అడిగాడు, "యాడికి పోవల్లన్నా?" ఎక్కడైనా ఎర్ర చుక్క వెలుగుతోందా అని చుట్టూ చూశాను. పైకి పోవాలన్నాను.

పైన బల్ల దగ్గర ఒక కుర్రాడు. కోస్తా మనిషి. మాట మాటకూ అండి. నా నెంబరు కొట్టి తెర చూశాడు.

"మీరు వాళ్ళని యాడికి రమ్మన్నారండి."

"యాడికి అంటే ఎక్కడికి అని సార్. కింద మీ వాచ్‌మన్ ఇప్పుడే నన్ను అడిగినాడు. ఆయన గూడా నన్ను ఆ ఊరికి పంపిస్తాండాడా?"

కుర్రాడు కాసేపు తెర వైపు చూసి, పకపకా నవ్వాడు. నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "సారీ అండి" అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇన్ని నెలల్లో ఆ కంపెనీలో నా మాట అర్థమైన మొదటి మనిషి వాడు.

"అయితే తీసెయ్యి నాయనా ఆ మచ్చ."

"నాకు ఆ అధికారం లేదండి."

"పోనీ ఆ రికార్డు ఒకసారి పెట్టు. నా గొంతు విను. అడిగినానో పిలిచినానో తెలుస్తాది."

"నాకు గొంతు రాదండి. రాతే వస్తుంది." తెర నా వైపు తిప్పాడు. రెండు ముక్కలు ఉన్నాయి. "ఆపేస్తా. యాడికి పోదాం." చివర చుక్క. నేను అడిగిన ప్రశ్న అది. ప్రశ్న గుర్తు ఉండాల్సిన చోట చుక్క పెట్టారు.

"ఎవరు పెట్టినారు ఈ చుక్క?"

"ఎవరూ కాదండి. అదే పెట్టుకుంటుంది."

"మరి వినేది ఎవరు?"

వాడు కుర్చీ ముందుకు జరుపుకుని, మంచి మాట చెబుతున్నట్టు గొంతు తగ్గించాడు. "ఒక పని చేయండి. ఇక్కడ ఒక పెట్టె ఉంది. 'నా మాటల వల్ల కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాను, ఇకపై అటువంటి భాష వాడను' అని. అది టిక్ చేస్తే రెండు రోజుల్లో ఐడీ తెరుచుకుంటుంది."

"మచ్చ పోతాదా?"

"మచ్చ ఉంటుందండి. ఒప్పుకున్నట్టు పక్కన రాస్తారు."

"ఏం ఒప్పుకున్నట్టు?"

వాడు మళ్ళీ తెర వైపు చూశాడు. నేను లేచాను. టిక్ చేయలేదు. అటువంటి భాష అంటే ఏ భాష? మా అమ్మ నాకు అన్నం పెడుతూ మాట్లాడిన భాష. దానికి నేను చింతించడం లేదు. బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ, మైదుకూరు దగ్గర వేరుశనక్కాయలమ్మే మనిషి కిటికీ పక్కనుంచి ఎవరినో "యాడికన్నా?" అని అడుగుతుంటే, నా చెవి ఆ మాట దగ్గరే నిలిచిపోయింది. ముప్పై మంది ఉన్న బస్సులో ఎన్నిసార్లు ఆ మాట వినబడిందో లెక్కపెట్టబోయి మానేశాను.

ఇక నాకు మిగిలింది ఒక్కరే. ఆ అవ్వ. ఆమె చెబితే చాలు. కాని యాప్‌లో ఇంకో నిబంధన ఉంది. బాడుగ ముగిసిన తర్వాత ప్రయాణికుల దగ్గరికి పోకూడదు, ఫోన్ చేయకూడదు. పోతే అది పెద్ద నేరం. నా ఐడీకి తాళం వేసినా నేను ఎక్కడ తిరుగుతున్నానో చూడటం మాత్రం ఆపలేదు. అందుకని ఫోన్‌ను భాయ్ ఆటోలో వదిలేసి, ఆమె ఎక్కిన సందుకు నడిచి పోయాను. నా ఊళ్ళో, నా సందుల్లో, దొంగలాగా గోడ పక్కన నడిచాను. అది నాకు జరిగిన అవమానాల్లో పైవరుసలో ఉంటుంది.

తలుపు కూతురు తీసింది. నన్ను చూసి ఒక్క క్షణం చెయ్యి తలుపు మీదే ఉంచింది. ఆమెకూ ఆ కబురు వచ్చి ఉంటుందనుకున్నాను. నేను గడప బయటే నిలబడి చెప్పాను. లోపల మంచం మీదనుంచి అవ్వ గొంతు వచ్చింది.

"ఎవురే?"

"ఆసుపత్రికి తీసుకపోయిన ఆటో ఆయన మా."

"రమ్మను. నిలబడుకున్యాడా?" అవ్వ బయటికి వచ్చింది. కట్టు తీసేశారు, నల్ల అద్దాలు పెట్టుకుంది. సంగతి విని మొదట ఆమెకు అర్థం కాలేదు. కూతురు రెండుసార్లు చెప్పింది. అప్పుడు నోరు తెరిచి, "యాడికి పోదామని అడగకపోతే ఈయప్ప నన్ను యాడ దింపుతాడంట? నడిరోడ్లోనా?" అంది. "రాయే, రాయి. నేను చెప్తా రాయి. ఈయప్ప మమ్మల్ని మెట్లకాడ దింపినాడు. నా చెయ్యి పట్టి దింపినాడని రాయి."

"చెయ్యి పట్టుకున్యాడని రాయకూడదు మా" అంది కూతురు భయంగా.

"ఎందుకు రాయకూడదే? నాకు కండ్లు కనపడకపాయె!"

ఆ మాట రాస్తే యంత్రం దాన్ని ఏమని చదువుతుందో నాకప్పటికే తెలుసు. చెయ్యి మాట వద్దని బతిమాలాను. ఆ మాట వదిలేసి, డ్రైవరు తప్పేమీ లేదని, గేటు గురించి అడిగాడని కూతురు యాప్‌లో రాసింది. నా కళ్ళముందే పంపింది. అవ్వ నన్ను కాఫీ తాగి పొమ్మంది. తాగలేదు. ఆ ఇంట్లో ఎక్కువసేపు ఉంటే ఎవరు చూస్తారో అని భయం. పద్దెనిమిదేళ్ళలో ఒక ముసలమ్మ ఇచ్చే కాఫీకి నేను భయపడింది అదే మొదటిసారి.

మూడో రోజు తెర మారింది. ఆమె రాసిన మాటలు వాళ్ళకు అందాయి. అందినందుకు గుర్తుగా నా పేరు పక్కన రెండో మచ్చ పడింది: "ప్రయాణం తర్వాత ప్రయాణికురాలిని సంప్రదించారు. సాక్ష్యాన్ని ప్రభావితం చేసే ప్రయత్నం." నేను పోయానని వాళ్ళకెలా తెలిసింది? ఆమె రాతలో "ఆయన మా ఇంటికొచ్చి చెప్పేదాకా మాకు తెలియదు" అని నిజాయితీగా రాసింది. ఆమె నిజమే రాసింది. నేనూ నిజమే చెప్పాను. రెండు నిజాలు కలిసి రెండో నేరమైంది.

కింద కొత్త వాక్యం ఒకటి: "మీ ఖాతా తుది సమీక్షలో ఉంది. ఒప్పుకోలు పెట్టెను టిక్ చేయనిచో శాశ్వతంగా మూసివేయబడుతుంది." ఆ పెట్టె ఇప్పటికీ ఖాళీగా ఉంది. భాయ్ చెయ్యమన్నాడు. "ఒక గీత భాయ్. గీసి పడెయ్యి. నీకేం పోతాది?" అన్నాడు. నా భార్య అయితే ఒకసారి నేను స్నానానికి పోయినప్పుడు ఫోన్ చేతిలోకి తీసుకుని, నొక్కబోయి ఆగిపోయిందట. ఎందుకు ఆగావని అడిగితే, "నువ్వు సచ్చేదాకా నన్ను క్షమించవు గదా" అంది. నిజమే.

అందుకే ఇది ఇక్కడ రాస్తున్నాను. యాప్‌లో రాస్తే యంత్రం చదువుతుంది, ఇక్కడ రాస్తే మనుషులు చదువుతారు. ఆ కంపెనీలో ఎక్కడో ఒక చోట, ఏ ఊళ్ళోనో, నా గొంతు దాచి ఉంచారు. ఆపేస్తాలే అవ్వా అన్నప్పటినుంచి బస్సు హారన్ దాకా నిమిషం కూడా ఉండదు. నాకు ఐడీ ముందు వద్దు, క్షమాపణ ముందు వద్దు. ఆ నిమిషాన్ని ఒక మనిషి వినాలి. కర్నూలువాడో, కడపవాడో, తెలుగు చెవి ఉన్నవాడెవడైనా సరే. విన్న తర్వాత ఆ నర్సమ్మకూ, ఆ తల్లులకూ, నా పేరు దాచుకున్న ప్రతి మనిషికీ ఇంకో కబురు పంపాలి. ఓర్పుకు ధన్యవాదాలు అనే వాక్యం ఈసారి పంపకండి, నేను తీసుకోను. నా ప్రశ్న ఒక్కటే, దానికి చుక్క పెట్టకుండా చదవండి. ఆ పొద్దున ఆ అవ్వను నేను పిలిచానా, అడిగానా? విని చెప్పండి. ఎవరు విన్నారో కూడా చెప్పండి.